నీడ పడితే తిట్టే మనిషి

బావ పోయిన రోజున నేను చేసిన పనుల్లో ఏడవడం ఒకటి లేదు. సాక్చీ బజారుకి వెళ్ళి తెల్లబట్ట తెచ్చాను. ఐసు మాట్లాడాను. టాటానగర్‌లో ఉన్న మన తెలుగువాళ్ళందరికీ ఫోన్లు చేశాను. మధ్యలో సిద్ధగోరా మలుపులో నిలబడి టీ తాగాను, రెండు బిస్కెట్లు కూడా తిన్నాను. సువర్ణరేఖ నది ఒడ్డున అంతా అయ్యాక తిరిగొచ్చి, స్నానం చేసి, పెట్టింది తిని పడుకుంటే నిద్ర కూడా పట్టింది. మనిషన్నాక కొంచెం సిగ్గుండాలి. నాకు ఆ సిగ్గు కూడా వెయ్యలేదు.

అక్క కూడా ఏడవలేదు. నన్నెవరూ పట్టించుకోలేదు గాని, అక్క ఏడవకపోవడం మాత్రం అందరికీ పెద్ద సమస్య అయిపోయింది. వచ్చిన ఆడవాళ్ళు ఆవిణ్ణి చుట్టుముట్టి, "కడుపులో పెట్టుకోకమ్మా, ఒక్కసారి ఏడిచీ" అని బతిమాలారు. ఆవిడ తల ఊపి, ఎవరికి టీ అందలేదో చూడమని నాకు సైగ చేసింది. రాంచీ నుంచి వచ్చిన మా మేనకోడలు వాళ్ళమ్మ భుజాలు పట్టుకుని కుదుపుతూ, "మమ్మీ, కుఛ్ తో బోలో" అంది.

"ఏటి చెప్పమంటావే?" అంది అక్క. అంతే.

నా భయం వేరు. బావ బతికుండగా నా దగ్గర ఒక మాట తీసుకున్నాడు. ఆయన పెంచిన ఆల్చిప్పలు ఎందుకు చచ్చిపోయాయో అక్కకి ఎప్పటికీ చెప్పకూడదని. ఇన్నేళ్ళూ అక్క అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు అడిగితే ఏం చెప్పాలి? ఆయన లేడు, మాట మాత్రం నా నెత్తిన ఉంది.

ఆల్చిప్పలేమిటి, ఇంట్లో పెంచడమేమిటి అంటారు. బావని చూస్తే గాని అర్థంకాని సంగతి ఇది.

అప్పట్లో వాళ్ళది ట్రక్కులు చేసే టెల్కో కంపెనీ కాలనీలో క్వార్టరు. బావ ఇంజనీరు. ట్రక్కుల్లో ఏ భాగం ఆయన చేతిమీదుగా పోయేదో నాకెప్పుడూ తెలియలేదు, ఇంట్లో ఆ ప్రసక్తి రానిచ్చేవాడు కాదు. షిఫ్టు బస్సు దిగి, గుమ్మంలో బూట్లు విడిచి, పెళ్ళాం మొహమైనా చూడకుండా తిన్నగా ముందు గదిలో ఉన్న గాజుతొట్టి దగ్గరికి పోయేవాడు. మంచమంత పొడుగు తొట్టి. దానిపైన కర్మాగారాల షెడ్లలో వేలాడదీసే రకం పెద్ద దీపాలు రెండు. లోపల ఉప్పునీళ్ళు, రాళ్ళు, నాలుగు చేపలు, నత్తలు, రొయ్యలు. రాళ్ళమీద నాలుగు ఆల్చిప్పలు. కలకత్తాలో చేపలమ్మే వాడొకడు ఎక్కడి నుంచో తెప్పించి ఇచ్చాడు. క్లామ్ అనాలట. అక్క మాత్రం "చిప్పలు" అనే అనేది.

చిప్ప అంటే మనం సముద్రపు ఒడ్డున ఏరుకునే తెల్ల పెంకు కాదు. దీపం వెలగ్గానే ఆ పెంకులు రెండూ విచ్చుకుని, అంచుల మీంచి మెత్తటి పెదాలు బయటికి పరుచుకునేవి. ఒకదానివి నెమలికంఠం రంగు. ఒకదానివి గోధుమరంగు మీద పచ్చటి చుక్కలు. దానికి తిండి వెలుతురే. ఆ పెదాల్లో కంటికి కనపడని నాచు ఉంటుందట, అది వెలుగు తిని దీనికి పెడుతుందట. వెలుతురు తగ్గితే చిప్పకి పస్తు.

అక్కడొచ్చింది తంటా. ఏదైనా నీడ పడిందంటే శత్రువొచ్చాడనుకుని చిప్ప గబుక్కున మూసుకుపోతుంది. మళ్ళీ నమ్మి తెరుచుకోవడానికి చాలా సేపు పడుతుంది. అందుకని ఆ గదిలో దీపానికీ తొట్టికీ మధ్య ఎవరి నీడా పడకూడదు. పడిందా, బావ గొంతు నాలుగు క్వార్టర్లకి వినపడేది.

"నీడ! నీడ! హటో! బుద్ధుందేటి నీకు? అది అన్నం తింటంటే కంచం లాగీసేవు!"

ఆ తిట్టు ఎవరికి తగిలిందని లేదు. గ్యాసు సిలిండరు మోసుకొచ్చినవాడికి తగిలింది. దసరా చందాకి వచ్చిన పెద్దమనుషులకి తగిలింది. ఆయన పై ఆఫీసరు భార్య ఒకావిడ పట్టుచీర కట్టుకుని ముచ్చటపడి తొట్టిమీదికి వంగితే, ఆవిడకీ తగిలింది. మేమందరం ఆ గదిలో నడుం వంచి నడవడం నేర్చుకున్నాం. కొత్తగా వచ్చిన చుట్టాలు అదేదో మా ఇంటి ఆచారం అనుకుని వాళ్ళూ వంగి నడిచేవారు. నా సంబంధం మాట్లాడ్డానికి వచ్చిన బృందం ఒకటి ముందుగది మొత్తం అలా వంగి దాటుతుంటే నేను వంటింట్లోకి పారిపోయి నవ్వుకున్నాను.

అందరికన్నా ఎక్కువ తిట్లు అక్కవే. పగలంతా ఆ గదిలో తిరిగేది ఆవిడే కదా. కొంగు నీడ పడిందని, చీపురు నీడ పడిందని, ఆరేసిన దుప్పటి కిటికీకి అడ్డం వచ్చిందని. అక్క ఏనాడూ నొచ్చుకోలేదు. "తిట్టేరంటే ఒంట్లో బాగున్నట్టేరా" అనేది నాతో. సాయంత్రం దాకా ఒక్క తిట్టు కూడా పడకపోతే దగ్గరికెళ్ళి నుదుటిమీద చెయ్యి వేసి చూసేది, జ్వరమేమో అని. సగంసార్లు జ్వరమే ఉండేది కూడా.

సముద్రపునీళ్ళ సంగతి చెప్పాలి. ఊరెళ్ళి వచ్చేవాళ్ళు బెల్లం తెచ్చుకుంటారు, ఊరగాయలు తెచ్చుకుంటారు, ఎండుచేపలు తెచ్చుకుంటారు. బావ సముద్రం తెచ్చుకునేవాడు. విశాఖపట్నంలో పడవ మాట్లాడుకుని లోపలికంటా పోయి, డబ్బాల్లో నింపి, టాటానగర్ దాకా రైల్లో. ఆ డబ్బాలు బెర్తుల కింద దోపుతూ నా నడుం విరిగింది. ఒకసారి టికెట్లు చూసేవాడికి అనుమానం వచ్చింది.

"ఇస్ మే క్యా హై?"

"సముందర్" అన్నాడు బావ.

వాడు నమ్మలేదు. మూత తీసి వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని, ఉమ్మేసి, మా వైపు ఒకసారి జాలిగా చూసి వెళ్ళిపోయాడు. బావకి మాత్రం ఆ రాత్రంతా నిద్ర లేదు. వాడి వేలు శుభ్రంగా ఉందో లేదో అని.

ఇంకో పని సున్నపుతేట. తాంబూలానికి వాడే సున్నం గాజుజాడీలో నానబెట్టి, పైకి తేలిన తేట వంచి, ఆసుపత్రిలో సెలైను ఎక్కించే గొట్టం ఒకటి సంపాదించి దానిలోంచి చుక్కచుక్కగా తొట్టిలోకి వదిలేవాడు. "అది తన ఇల్లు తనే కట్టుకుంటాదిరా. మేస్త్రీ అది, సున్నం అందించే కూలీని నేను" అనేవాడు. ఆయన నవ్వుతూ అన్న మాటల్లో నాకు గుర్తున్నది అదొక్కటే.

తొట్టిలో నీళ్ళు రోజూ ఆవిరైపోయేవి. ఎండాకాలంలో మరీను. ఉప్పు ఆవిరవదు కాబట్టి, తగ్గినంత మేరకీ మంచినీళ్ళు పొయ్యాలి. గాజుమీద గీత ఉండేది, ఆ గీతదాకా. దానికోసం ఫిల్టరు పెట్టించి తెల్ల ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్ళు పట్టించేవాడు. పొయ్యడం ఎవరికీ అప్పగించేవాడు కాదు.

రాగి సంగతి నాకు తెలిసింది ఒక స్నేహితుడి వల్ల. చేపలకి ఒంటిమీద తెల్లచుక్కలు లేచాయంటే ఆయన పాపం ప్రేమకొద్దీ నీలంరంగు మందుసీసా పట్టుకొచ్చాడు. బావ సీసామీది అక్షరాలు చదివి, సీసాతో సహా మనిషిని మెట్లమీద దాకా నడిపించాడు.

"రాగి! దీన్లో రాగి ఉంది! చేపకి మందే, చిప్పకి విషం. నత్తకి విషం, రొయ్యకి విషం. ఇది నా గుమ్మం తొక్కకూడదు!"

"మనం రాగి చెంబులో నీళ్ళు తాగుతాం కదా బావా" అన్నాను, ఆయన లోపలికొచ్చాక.

"నువ్వు ఆల్చిప్పవేటి?" అన్నాడు.

అక్క ఆ వేళ బజారుకెళ్ళింది. ఉండి ఉంటే ఇదంతా రాసే పని నాకుండేది కాదు.

తొంభైల చివర్లో బావకి గుండెనొప్పి వచ్చింది. ఆపరేషన్ తప్పదన్నారు, కలకత్తా వెళ్ళమన్నారు. ఈయన చలికాలమంతా వాయిదా వేశాడు. కారణం ఎవరికీ చెప్పలేదు గాని మా అందరికీ తెలుసు. చివరికి నేను నిలదీస్తే, "నేను పోతే వీటికి నీళ్ళెవడు పోత్తాడు?" అన్నాడు. అప్పుడు అక్క వంటింట్లోంచి వచ్చింది. మొదటిసారి, నిటారుగా నడిచి వచ్చింది. తొట్టిమీద ఆవిడ నీడ పడింది. నాలుగు చిప్పలూ మూసుకుపోయాయి.

"నేను పోత్తాను. కలకత్తా నేను రాను, ఇక్కడే ఉండి పోత్తాను. మీరు బతికి రండి" అంది.

బావ ఆ నీడకి ఏమీ అనలేదు.

మేనకోడలికి అప్పుడు పన్నెండో తరగతి పరీక్షలు. ఆ వంక కూడా ఉంది కాబట్టి ఊళ్ళోవాళ్ళు ఏమీ అనుకోలేదు. అసలు సంగతి మాత్రం, మొగుడి గుండె కోస్తుంటే ఆవిడ ఆ మొగుడి ఆల్చిప్పలకి కాపలా ఉంది. అలా ఉంటేనే ఆయన వెళ్తానన్నాడు. బావతో నేను వెళ్ళాను.

ఆపరేషన్ బాగా జరిగింది. మాట వచ్చాక బావ ఫోన్లో అడిగిన మొదటి ప్రశ్న, "తెరుచుకుంటన్నాయా?" అని.

"తెరుచుకుంటన్నాయండీ" అంది అక్క. తరువాత నాతో విడిగా, "కొంచెం తక్కువ తెరుచుకుంటన్నాయిరా. ఆయనకి చెప్పకు. నేను ఇంకా బాగా చూసుకుంటాను" అంది.

ఎలా చూసుకుందో తిరిగొచ్చిన మర్నాడు తెలిసింది. ఎండలు ముదిరాయి. పొద్దున్నే బావని పేముకుర్చీలో తొట్టి ఎదురుగా కూర్చోబెట్టాను. ఆయన చాలాసేపు చూశాడు. చేపలు హాయిగా తిరుగుతున్నాయి. రొయ్యలు లేవు. నత్తలు కిందపడి కదలకుండా ఉన్నాయి. చిప్పలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి గాని అది తెరుచుకోవడం కాదు, పెదాలు లోపలికి ముడుచుకుపోయి ఉత్త పెంకులు వేలాడుతున్నాయి. బావ తన చెయ్యి ఎత్తి తొట్టిమీద నీడ వేశాడు. ఒక్కటీ మూసుకోలేదు.

"చేపలు బాగున్నాయి. మిగతావన్నీ పోతన్నాయి" అన్నాడు మెల్లిగా. దానర్థం ఆయనకి తెలుసు. నాకూ అప్పుడే కొంచెం తట్టింది.

అంతలో అక్క వచ్చింది. తలస్నానం చేసి, తడిజుట్టు ముడేసుకుని, చంకలో రాగిబిందెతో, నడుం వంచి. మా అమ్మ పెళ్ళిలో ఇచ్చిన బిందె అది. చింతపండుతో తోమి తళతళలాడుతోంది.

"చూసేరా, నీళ్ళు గీత దిగనీలేదు. డ్రమ్ములో నీళ్ళే, కాని ఊరికే పొయ్యలేదండీ. రాత్రి బిందెలో పోసి, తులసాకు వేసి, పొద్దున్న పూజయ్యాక పోసేదాన్ని. మీరెళ్ళిన రోజునించీ ఇలాగే. ఆయనకి బాగుండాలి, వీటికీ బాగుండాలి అని మొక్కుకున్నాను."

చెప్తూనే చెంబుతో పోస్తోంది. బావ చెయ్యి గాల్లోకి లేచింది. నోరు తెరుచుకుంది. ఆ తిట్టు నాకు ఆయన గొంతులో కనపడింది. నాలుగు క్వార్టర్లేం ఖర్మ, కాలనీ అంతా వినపడాల్సిన తిట్టు. ఆయన బిందెని చూశాడు. అక్క మొహం చూశాడు. ఆ కొద్దివారాల్లోనే ఆవిడ సగం చిక్కిపోయింది. లేచిన చెయ్యి వెనక్కొచ్చి గుండెమీది కట్టు దగ్గర ఆగింది.

"ఏటండీ?" అంది అక్క గాభరాగా.

"ఏం లేదు. నొప్పి."

ఆవిడ బిందె అక్కడే దింపి మాత్ర కోసం పరిగెత్తింది. బావ నా మణికట్టు పట్టుకున్నాడు. జబ్బుమనిషికి అంత బలం ఎక్కణ్ణించి వచ్చిందో.

"మీ అక్కకి చెప్పకు. ఎప్పుడూ చెప్పకు. నా కోసం పోసిందిరా ఆ నీళ్ళు. తెలిస్తే బతికినన్నాళ్ళూ ఏడుస్తాది."

సరేనన్నాను.

డాక్టరు కొంచెం పని చెయ్యమన్నాడని అబద్ధం చెప్పి, నీళ్ళు పొయ్యడం ఆవిడ చేతిలోంచి తీసుకున్నాడు. మిగిలిన సముద్రపు డబ్బాలన్నీ తీసి నేను నీళ్ళు మార్చాను. రాగిని పీల్చుకుంటుందని బొగ్గు మూటకట్టి, నీళ్ళు తిప్పే పంపు ముందు పెట్టాను. ఆయన కుర్చీలోంచి వేలితో చూపించేవాడు, నేను చేసేవాణ్ణి. ఒక్కటీ దక్కలేదు. ఆఖరికి నెమలికంఠం రంగుదాన్ని నీళ్ళలోంచి తీస్తుంటే అక్క గుమ్మంలో నిలబడి, "నా చేతిలో పోయాయి" అంది.

"నీ చేతిలో కాదు. ఎండకి పోయాయి. ఈ ఏడు ఎండలు అలాటివి" అన్నాడు బావ. ఆయన అబద్ధమాడగా నేను విన్నది ఆ ఒక్క ఎండాకాలంలోనే.

ఆ తరువాత దీపాలు అమ్మేశాడు. చేపలు ఎవరికో ఇచ్చేశాడు. రిటైరై సిద్ధగోరాలో ఇల్లు కట్టుకున్నప్పుడు తొట్టి వెంట తీసుకెళ్ళలేదు. కలకత్తా పనిమీద వెళ్తూ ఒకసారి అడిగాను, చిప్ప ఒకటి చూసి తీసుకురానా అని. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"తెత్తే, నీళ్ళు పొయ్యాలి. ఎప్పుడో ఓ రోజు నాకు బాగుండదు, మీ అక్క పోత్తాది. రాగి వద్దని ముందే చెప్పాలి. చెప్పిన క్షణంలో ఆవిడకి పాతదంతా తెలిసిపోతాది." మళ్ళీ పేపరు విప్పుకున్నాడు. "వద్దు. నాకు చాల్లే."

బావ మారిపోయాడని అందరూ అనేవారు. ఆపరేషన్ తరువాత మెత్తబడ్డాడని. కేకలు లేవు. అక్కతో ఎంతో మర్యాదగా మాట్లాడేవాడు. "కొంచెం టీ ఇస్తావా", "నీకు వీలైతే ఆ కిటికీ వేస్తావా". నేనూ మంచిదే అనుకున్నాను. ఈ వయసులోనైనా మా అక్కకి తిట్లు తప్పాయి కదా అని సంతోషించాను కూడా. ఆ రాగిబిందెలో నీళ్ళే ఆయన రోజూ పొద్దున్న తాగేవాడు, చివరిదాకా.

కర్మకాండ అయిపోయింది. అమ్మాయి రాంచీ వెళ్ళింది, మళ్ళీ వస్తానని. మధ్యాహ్నం నేనూ బయల్దేరబోతుంటే అక్క వచ్చి నా పక్కన అరుగుమీద కూర్చుంది.

"ఒరే, నిన్నొకటడుగుతాను."

ఎండకి పోయాయక్కా అన్న మాట నాలిక చివర సిద్ధంగా పెట్టుకున్నాను. ఆవిడ చిప్పల ఊసే ఎత్తలేదు.

"కలకత్తానించి వచ్చినకాడ్నించీ ఆయన నన్ను తిట్టడం మానీసేరు. నీకు తెలుసా?"

"మెత్తబడ్డాడు కదక్కా."

"నీ మొహం. నా నీడ పడ్డా తిట్టలేదు, కూరలో ఉప్పు రెండుసార్లు వేసినా తిట్టలేదు. మొదట్లో నుదురు ముట్టుకుని చూసేదాన్ని. జ్వరం లేదు. నేనేదో చేసేనురా. ఏటి చేసేనో తెలీదు. అడిగితే ఏం లేదంటారు. అద్దెకున్న మనిషితో మాట్లాడినట్టు మాట్లాడేరు ఇన్నేళ్ళూ. కలకత్తా రాలేదని మనసులో పెట్టుకున్నారేమో అనుకున్నాను. దగ్గర లేనందుకు. ఏటి చెయ్యను, నేనిక్కడుంటేనే కదా ఆయన వెళ్తానన్నది." ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తోంది. "అందరూ ఏడువు ఏడువంటన్నారు. రావట్లేదురా. పరాయిమనిషెవరో పోయినట్టుంది."

బావకిచ్చిన మాట అప్పుడు తప్పాను. ఆలోచించి తప్పలేదు, నోట్లోంచి వచ్చేసింది. రాగి చిప్పలకి విషమని చెప్పాను. బిందెలో రాత్రంతా నిలవున్న నీళ్ళని చెప్పాను. ఆ పొద్దున్న ఆయన చెయ్యెత్తి దింపేసిన సంగతి చెప్పాను. మళ్ళీ ఎందుకు పెంచలేదో చెప్పాను.

"నేను పోసిన నీళ్ళకేనా?" అంది.

"అవునక్కా."

"నాలుగూనా?"

"నాలుగూ."

వీధిలో కూరల బండివాడు కేకేసుకుంటూ వెళ్ళిపోయాడు. నేను చెయ్యకూడని పని చేశానని నాకు స్థిరపడిపోతోంది. ఇంతలో అక్క భుజాలు కదిలాయి.

"ఇదా? ఇందుకా?" అంది. "చంపీసేవు కదే బుద్ధిలేనిదానా అని ఆ వేళే ఓ కేకేసుంటే అయిపోయేది కదరా! నేనో రోజు ఏడ్చేదాన్ని, రెండోరోజు అన్నం వండేదాన్ని. మళ్ళీ తెచ్చుకునేవోరు, నేను వంగి నడిచేదాన్ని. బుద్ధుందేటి ఆయనకి? ఇంజనీరట! పెళ్ళాన్ని తిట్టడానికి భయపడ్డాట్ట!"

గొంతు పెరిగింది. చుట్టుపక్కల తలుపులు తెరుచుకున్నాయి. అక్క గుండెలు బాదుకుంటూ, పేరు పెట్టి ఎన్నడూ పిలవని మొగుణ్ణి పేరు పెట్టి పిలిచి మరీ తిడుతోంది, కళ్ళంట ధారలు కారుతున్నాయి. ఎదురింటావిడ పరిగెత్తుకొచ్చి పట్టుకుని, "ఏడవనీ బాబూ, ఇప్పటికి ఏడిచింది" అంది నాతో.